ఏడడుగుల ఎగుమతి

మా మూడు దేశాల పేర్లు సువర్ణసీమ, రజతసీమ, తామ్రసీమ. పేర్లు చూసి మోసపోకండి. బంగారం, వెండి, రాగి మా దగ్గర మచ్చుకైనా దొరకవు. మూడింట్లోనూ పండేవి పెసలు. ఇరుగూ పొరుగూ అందరి పొలాల్లోనూ పెసలే ఉన్నప్పుడు ఎవరు ఎవరికి ఏం అమ్ముతారు? ఎవరూ ఎవరికీ ఏమీ అమ్మరు. పైగా అందరమూ తెలుగే మాట్లాడతాం గనక ఒకరి మాట ఒకరికి గిట్టదు.

ఈ పరిస్థితిని చక్కదిద్దడానికి మూడు ప్రభుత్వాలూ కలిసి త్రిసీమ ఆర్థిక సహకార మండలి అని ఒకటి పెట్టాయి. అందులో నేను సహాయ గణాంకాధికారిని. ఏడాదిలో మూడు దేశాల మధ్య ఎంత వ్యాపారం జరిగిందో తేల్చి చెప్పడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా సున్నా అని రాస్తున్నాను. ఆ సున్నాను సరిచూడడానికి ఒక గుమాస్తా, దాన్ని టైపు చెయ్యడానికి ఒక టైపిస్టు ఉన్నారు. పని హాయిగా సాగిపోయేది.

అంతలో సముద్రాల అవతల ఎక్కడో ఉన్న ఒక సంస్థ, వ్యాపారం చేసుకోవడానికి ఏ దేశం ఎంత అనువుగా ఉందో తూచి, వాణిజ్య సౌలభ్య సూచీ అని ఒక జాబితా వేసింది. నూట డెబ్బై మూడు దేశాల్లో మావి నూట డెబ్బై ఒకటి, డెబ్బై రెండు, డెబ్బై మూడు స్థానాలు. 'పొరుగు దేశాలకన్నా మనమే ముందు' అని సువర్ణసీమ పత్రికలు పెద్దక్షరాలతో వేసుకున్నాయి. మిగతా రెండు దేశాల్లోనూ మంత్రులు మారారు.

మా డైరెక్టరు ఉమాకాంతం గారు నన్ను పిలిపించారు. ఆయన ముప్ఫయ్యేళ్ళుగా ఫైళ్ళు చదివి చదివి, ఇంట్లో మంచినీళ్ళు కూడా 'జలసదుపాయం కల్పించవలసింది' అని అడుగుతారని చెప్పుకుంటారు.

"ఈ సున్నా విషయమై గుణాత్మకమైన పరివర్తన తక్షణ ఆవశ్యకమై ఉన్నది," అన్నారాయన.

"అంటే ఏం చెయ్యమంటారండీ?"

"రేపటికల్లా సున్నా ఉండకూడదయ్యా."

మర్నాడు పొద్దున్నే, ఏం రాయాలో తోచక, అలవాటుగా నూకరత్నం గారి హోటలుకు టిఫినుకు పోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

ఆ హోటలు మూడు దేశాలూ కలిసే చోట ఉంది. నిజం చెప్పాలంటే మూడు దేశాలే హోటల్లో కలిశాయి. పూర్వం సరిహద్దు కమిటీ వారు గీత గీసుకుంటూ గీసుకుంటూ వచ్చి, ఆకలేసి ఈ హోటల్లో కూచున్నారు. మ్యాపు బల్లమీద పరిచి, రెండో పెసరట్టు వచ్చేలోగా పని తెమిలిపోవాలని మూడు గీతలనూ తాము కూచున్న చోటే కలిపేసి సంతకాలు పెట్టారు. ఆ ప్రకారం పొయ్యి సువర్ణసీమలో పడింది, బల్లలు రజతసీమలో పడ్డాయి, చేతులు కడుక్కునే తొట్టి తామ్రసీమలో పడింది. నేలమీద తెల్లసున్నంతో గీసిన గీతలు రోజూ తడిగుడ్డ పెట్టడంతో ఎప్పుడో చెరిగిపోయాయి. పొయ్యి దగ్గర నూకరత్నం అట్లు పోస్తుంది. ఆమె భర్త గవర్రాజు అరిటాకు ముక్కలో పెట్టి బల్లలకు అందిస్తాడు. పెనం నుంచి బల్లకు ఏడడుగులు. ఇరవయ్యారేళ్ళుగా ఆ ఏడడుగుల్లో ఏ పెసరట్టూ చల్లారలేదు.

నా ముందు ఆకు పెడుతున్న గవర్రాజును చూస్తుంటే నాకు మెరుపులా తట్టింది. పెసరట్టు సువర్ణసీమలో తయారై రజతసీమలో దిగింది! రోజుకు నాలుగు వందల అట్లు. అవి నాలుగు వందల ఎగుమతులు. ఇక చెయ్యి కడుక్కోవడం తామ్రసీమ విదేశీయులకు అందిస్తున్న సేవ. అట్టు సగంలో వదిలేసి ఆఫీసుకు పరిగెత్తాను.

నివేదిక చదివి ఉమాకాంతం గారు నన్ను కౌగిలించుకున్నారు. ఆ వారంలోనే మూడు దేశాల నుంచీ మూడు కార్లు హోటలు ముందు ఆగాయి. నూకరత్నం సువర్ణసీమలో నిలబడి రజతసీమలో హోటలు నడుపుతోంది గనక ఆమె రజతసీమకు విదేశీ పెట్టుబడిదారు. గవర్రాజు రజతసీమలో ఉండి సువర్ణసీమలో పొయ్యి మండిస్తున్నాడు గనక అతను సువర్ణసీమకు విదేశీ పెట్టుబడిదారు. ఇద్దరికీ శాలువాలు కప్పారు. తామ్రసీమ వారు తొట్టికి పూలదండ వేసి, ఇంకెవరూ దొరక్క నాకు శాలువా కప్పారు.

"ఏటి బాబూ ఇదంతా?" అని నూకరత్నం నన్ను పక్కకు పిలిచి అడిగింది.

"మీ హోటల్ని గుర్తించారమ్మా."

"ఎదురుగానే ఉంది కదా, ఇన్నాళ్ళూ కనపడలేదా?"

గుర్తింపు వచ్చాక గీతలు వచ్చాయి. ఈసారి సున్నంతో కాదు, తుడిచినా పోని పసుపు రంగుతో. గీత పక్కన ఒక బల్ల, దాని వెనక త్రిలోచనరావు అనే కస్టమ్సు ఇనస్పెక్టరు. పాపం, ఆయన లంచం ఎరగని మనిషి. అందువల్ల ఏ పనీ తొందరగా అయ్యేది కాదు. అట్టు ఏ దేశపు పెసలతో చేసిందో ధ్రువపత్రం కావాలి. అల్లం రజతసీమ వైపు పెరట్లోది గనక, అల్లం ముక్కలు తమ దేశానికే తిరిగి పోతున్నట్టు వేరే పత్రం. పదింట ఒక అట్టు అంచు తుంచి నమూనాగా కవరులో పెట్టి సీలు వేసేవారాయన. ఏడడుగులు దాటడానికి నలభై నిమిషాలు పట్టేది.

తామ్రసీమ ప్రభుత్వం తక్కువ తినలేదు. సరళీకరణలో తామే ముందుండాలని, కుడిచేతికి వీసా అక్కర్లేదని ప్రకటించింది. ఎడమచెయ్యి మాత్రం రజతసీమలోనే ఉంచి కడుక్కోవాలి. టిఫినుకు వచ్చిన వాళ్ళంతా ఒంటికాలిమీద వంగి, ఎడమచెయ్యి వెనక్కి చాచి, అవస్థ పడుతుంటే చూడలేకపోయేవాణ్ణి.

చల్లారిన అట్టు ఎవరు తింటారు? "మళ్ళీ కాల్చి తెండి" అని వెనక్కి పంపేవారు. గవర్రాజు దాన్ని పొయ్యి దగ్గరికి పట్టుకెళితే అది దిగుమతి. కాల్చి మళ్ళీ తెస్తే ఇంకో ఎగుమతి. అది మళ్ళీ నలభై నిమిషాలకు చల్లారేది. ఒక్కొక్క అట్టు మూడేసిసార్లు సరిహద్దు దాటడంతో, జనం సగానికి సగం తగ్గినా మూడు దేశాల వ్యాపారం ఒక్క నెలలో ఒకటిన్నర రెట్లయింది. ఆ అంకెలు రాసింది నేనే. ఉమాకాంతం గారు మండలి సమావేశంలో "ప్రతి చల్లారిన అట్టూ ఒక అవకాశమే" అని ప్రసంగించారు. నేను కూడా చప్పట్లు కొట్టాను. కొట్టలేదని అబద్ధం చెప్పను.

నెల తిరిగేసరికి న్యాయపరమైన చిక్కు ఒకటి బయటపడింది. మండలి న్యాయ సలహాదారు, రిటైరైన జడ్జి కోదండపాణి గారు స్వయంగా హోటలుకు వచ్చి బల్ల దగ్గర కూచున్నారు.

"ఎగుమతిదారుకూ దిగుమతిదారుకూ నడుమ దాంపత్యము గలదని మా దృష్టికి వచ్చినది. అట్టి పక్షమున వారి మధ్య ధర స్వేచ్ఛగా నిర్ణయమైనదని భావించజాలము," అన్నారు.

"గలదు బాబూ, ఇరవయ్యారేళ్ళ నుంచీ గలదు," అంది నూకరత్నం భయపడుతూ. "తప్పేటి?"

"తప్పు కాదు. కానీ వ్యాపార వేళల్లో మీరిరువురూ పరాయివారి వలె మెలగవలెను. ప్రతి సరుకుకూ బేరమాడవలెను."

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెనం మీద అట్టు మాడుతోంది. గవర్రాజు గొంతు సవరించుకుని గీతకు ఇవతల నిలబడ్డాడు.

"అట్టెంతమ్మా?"

"అమ్మా ఏటి, నీ మొకం!" అంది నూకరత్నం.

"పరాయి స్త్రీని అటులనే సంబోధింపవలెను. కానివ్వండి," అన్నారు కోదండపాణి గారు.

"పాతిక," అంది ఆమె.

"ఇరవైకివ్వకూడదేటి?"

"నచ్చితే తీసుకో, లేకపోతే ఎల్లు."

"సంతృప్తికరం," అని జడ్జిగారు రాసుకున్నారు.

మొదటి రెండు రోజులూ బేరాలు చూడడానికి జనం వచ్చారు. దంపతులు కూడా నవ్వుకుంటూనే ఆడారు. కానీ రోజుకు నాలుగు వందలసార్లు పరాయివాళ్ళుగా ఉంటే ఏమవుతుంది? ఓ పొద్దున నేను వెళ్ళేసరికి నూకరత్నం అట్లకాడ చేత్తో పట్టుకుని ఊరికే నిలబడి ఉంది.

"నిన్న ఇంటికాడ వంకాయ కూర వండాను బాబూ. ఎప్పుడొండినా బాగుందనీవోడు. నిన్న ఏటీ అన్లేదు. బాగుందంటే నేను ధర పెంచేస్తానని భయమంటాడు. నవ్వులకే అన్నాడు అనుకో. కానీ నాకు నవ్వు రాలేదు."

నాకు నిజంగా సిగ్గేసింది. ఆ పూట అట్టు అడగకుండానే వచ్చేశాను. ఆఫీసుకు వెళ్ళి మాత్రం ఎగుమతుల అంకె వేశాను.

ఇంతలో పెద్ద చిక్కు వచ్చిపడింది. సరుకు ఎవరికి పంపుతున్నారో ఆ దిగుమతిదారు పేరును ఎగుమతిదారు తన నోటితో చెప్పాలని కొత్త నిబంధన. త్రిలోచనరావు గారు పెన్ను పట్టుకుని అడిగారు.

"దిగుమతిదారు పేరు?"

"మాయన," అంది నూకరత్నం.

"మాయన అనే పేరుతో ఎవరికీ లైసెన్సు లేదమ్మా."

"అదిగో, ఆ గళ్ళ తువ్వాలు."

నిజాయితీపరుడైన త్రిలోచనరావు గారు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నారు. రెండు రోజులపాటు సువర్ణసీమ ఎగుమతులన్నీ గళ్ళ తువ్వాలు అనే దిగుమతిదారు పేరు మీద వెళ్ళాయి. మూడో రోజు గవర్రాజు తువ్వాలు ఉతికి ఆరేసి, చారల తువ్వాలు వేసుకొచ్చాడు. సరుకు సరిహద్దులో ఆగిపోయింది.

"మొగుడి పేరు నోటితో చెప్పకూడదు బాబూ, ఆయుక్షీణం. మాయమ్మ చెప్పలేదు, మా మామ్మ చెప్పలేదు. పెళ్ళినాడు గుమ్మంకాడ నిలబెట్టి, చెప్తే గాని లోపలికి రానివ్వమని ఆడబిడ్డలు పట్టుబడితే, ఇంటెనక నుంచి లోపలికెళ్ళిపోయాను నేను. మీరెంత?"

కోదండపాణి గారు నాలుగు రోజులు ఆలోచించి తీర్పులాంటి సలహా ఇచ్చారు. ఈ దంపతులు విడాకులు పుచ్చుకుంటే దాంపత్యమనే దోషమూ పోతుంది, మొగుడు కాని వాడి పేరు చెప్పడానికి అభ్యంతరమూ ఉండదు. ఒక్క సంతకంతో రెండు చిక్కులూ తీరతాయి. సంతకం పెట్టని పక్షంలో లైసెన్సు రద్దు, హోటలుకు తాళం.

ఇక చూడండి మూడు దేశాల పోటీ! పెట్టుబడిదారుల సౌకర్యార్థం మూడు రోజుల్లో విడాకులిస్తామంది సువర్ణసీమ. ఒక్క రోజులో ఇస్తామంది రజతసీమ. తామ్రసీమ చేతిలో ఉన్నది తొట్టి ఒక్కటే గదా, దాని పక్కనే కుర్చీ వేసి ఒక రిజిస్ట్రారును కూచోబెట్టి, చేతులు కడుక్కున్నంత సేపట్లో ఇస్తామని ప్రకటించింది. సూచీ సంస్థ బృందం తనిఖీకి వచ్చే రోజునే ఆ ముహూర్తం పెట్టారు. విదేశీయులు కళ్ళారా చూస్తే వాణిజ్య వాతావరణం మీద నమ్మకం కుదురుతుందని ఉమాకాంతం గారి ఉద్దేశం.

ఆ రోజు హోటలు నిండా మామిడాకులు, షామియానా, మైకు. బృంద నాయకురాలు నెరిసిన జుట్టు పెద్దావిడ. రజతసీమలో మొదటి బల్ల దగ్గర కూచుని, అట్టు కోసం గంట నుంచి ఎదురు చూస్తోంది. ముగ్గురు మంత్రులు వరసగా కూచున్నారు. తొట్టి పక్కన కాగితాలు, సిరాబుడ్డి సిద్ధంగా ఉన్నాయి.

"త్రిసీమ సమృద్ధిలో ఇదొక సువర్ణ, రజత, తామ్రాధ్యాయం," అని ఉమాకాంతం గారు మైకులో అన్నారు. "ఎగుమతిదారు గారు ముందుకు రావలసిందిగా మనవి."

నూకరత్నం పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. గీతకు ఇవతల నిలబడ్డ గవర్రాజు వైపే చూస్తోంది.

"పెట్టకపోతే హోటలు మూసేస్తారంట," అంది.

గవర్రాజు తల వంచుకున్నాడు. "పెట్టెయ్యే. కాయితమే కదా. మన అట్టు మనకుంటది."

ఆ మాటకు నూకరత్నం మొహం ఎర్రబడింది. నాకు తెలిసి ఆమెకు కోపం రావడం అదే మొదటిసారి.

"కాయితమేనా? మన పెళ్ళికి కాయితమేటయ్యా ఉంది? ఏడడుగులు నడిచాం. అంతే. ఆవేళ ఈళ్ళెవరూ లేరు, ఇనస్పెక్టరు లేడు. మరి ఏటైనా తక్కువైందేటి?"

అని, మసిగుడ్డ చేతికి చుట్టుకుని, అట్టు మీదుండగానే పెనం ఎత్తింది. రెండో చేత్తో అట్లకాడ తీసుకుంది. గీత వైపు నడిచింది.

"అమ్మా, అనుమతి లేని యంత్రసామగ్రి తరలింపు!" అంటూ ఉమాకాంతం గారు మైకుతో సహా అడ్డం వచ్చారు.

"పెనం కాలుతంది బాబూ, అడ్డు లెగండి."

ఆయన తప్పుకున్నారు. త్రిలోచనరావు గారు లేచి నిలబడి, ఏ ఫారమూ చేతికి అందక నమస్కారం పెట్టారు. ఆమె పసుపు గీత దాటింది. నా ఉద్యోగధర్మం కొద్దీ నేను లెక్కపెట్టాను. సరిగ్గా ఏడడుగులు. ఏడో అడుగు గవర్రాజు పక్కన పడింది.

"చూస్తావేటి? పొయ్యెవరు తెస్తారు?" అంది.

గవర్రాజు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్క పరుగున వెళ్ళి పొయ్యి తెచ్చాడు, మళ్ళీ వెళ్ళి సిలిండరు భుజాన వేసుకొచ్చాడు. మూడోసారి పిండి గిన్నె నేనే తెచ్చాను. అది నేరమని నాకు తెలుసు. చివరికి గవర్రాజు ఒక బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి బల్లల పక్కన పెట్టి, "చేతులిక్కడ కడుక్కోండి. రెండూ కడుక్కోవచ్చు," అన్నాడు.

పెద్దావిడ ముందు అట్టు పడింది. పొగలు కక్కుతోంది. ఆవిడ ఒకటి తిని ఇంకొకటి అడిగింది. మంత్రులు కాసేపు గంభీరంగా కూచున్నారు. తర్వాత సువర్ణసీమ మంత్రిగారు, పరదేశంలో ఉన్నాననే సంగతి మరిచిపోయి, ఆకు ముందుకు జరుపుకున్నారు.

అయితే వాస్తవాలు వాస్తవాలే. పొయ్యి, బల్లలు, బకెట్టు అన్నీ రజతసీమలోనే ఉన్నాయి గనక ఏ అట్టూ ఏ సరిహద్దూ దాటలేదు. మర్నాటి నుంచి నేను మళ్ళీ సున్నాలే రాశాను. కొత్త సూచీలో మాకు నూట డెబ్బై ఒకటి, డెబ్బై రెండు, డెబ్బై మూడు స్థానాలు వచ్చాయి. సువర్ణసీమ పత్రికల వాళ్ళు పాత అచ్చు దాచుకున్నారు కాబోలు, 'పొరుగు దేశాలకన్నా మనమే ముందు' అని మళ్ళీ వేశారు. హోటలు మూయించడం ఎవరివల్లా కాలేదు. అది ఒకే దేశంలో ఉన్న మామూలు హోటలు. మామూలు హోటళ్ళ మీద మా మండలికి అధికారం లేదు.

కానీ మండలి ఊరుకుంటుందా? పది రోజులకు ఒక నోటీసు తయారైంది. దాన్ని అందజేసే పని నా మీదే పడింది. పొద్దున్నే హోటలుకు వెళ్ళి, పొయ్యి దగ్గర నిలబడి చదివాను.

"'సువర్ణసీమకు చెందిన ఎగుమతిదారు, రజతసీమకు చెందిన దిగుమతిదారుతో, సామానుతో సహా, పట్టపగలు, మంత్రుల సమక్షంలో లేచిపోయినట్టు తెలియవచ్చినది. దీనికి మీ సంజాయిషీ ఏమి?'"

నూకరత్నం నవ్వాపుకోలేక అట్లకాడ పక్కన పెట్టేసింది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, బల్లల దగ్గర తిరుగుతున్న గవర్రాజును ఓ చూపు చూసింది.

"నిజవే బాబూ, లేచిపోయాను. అప్పుడు పెద్దోళ్ళు నడిపించారు, ఇప్పుడు నేనే నడిచాను. అలగే రాసేయండి."

"ఇంకో గడి ఉందమ్మా. ఎవరితో లేచిపోయారో ఆ మనిషి పేరు రాయాలి."

ఆమె నన్నూ, కాగితాన్నీ చూసింది. గొంతెత్తి బల్లల వైపు కేకేసింది.

"ఇదిగో, నిన్నే! నీ పేరేటో ఈ బాబు అడుగుతన్నాడు, వచ్చి చెప్పెల్లు!"

గవర్రాజు వచ్చాడు. పేరు చెప్పలేదు. నా చేతిలో కాగితం తీసి పక్కన పెట్టి, దాని చోట ఆకు పెట్టాడు.

"అట్టు సల్లారిపోతది బాబూ, ముందు తినండి," అన్నాడు.

ఆ గడి ఖాళీగానే వదిలేశాను. మొదటి ముక్కకే నా నాలుక కాలింది.